కూర్మనౌకను చీల్చిన కాలఘంట

శంఖద్వీప రాజ్యానికి యుద్ధనౌకలు నాలుగంటే నాలుగే. అయిదు వందల ఓడలతో సముద్రాన్ని కప్పేసిన కరాళ చక్రవర్తి ఉగ్రవాహుడు ఆ మాట విని నిండుకొలువులో పగలబడి నవ్వాడు. అలా నవ్విన మూడేళ్ళలో అతని ఓడలు నూట పది ఆ ద్వీపం ముందున్న జలసంధిలో అడుగంటిపోయాయి. అప్పుడు చక్రవర్తి నవ్వడం మానేసి, భస్మజటుడనే మాంత్రికుణ్ణి పిలిపించాడు.

శంఖద్వీపపు నౌకలు ఏనాడూ పరాయి తీరం మీదికి దండెత్తి ఎరగవు. వాటి పనల్లా దారి కాయడం. క్రోసెడు వెడల్పయినా లేని ఆ జలసంధి గుండానే దక్షిణాన ఉన్న పన్నెండు దీవులకు ధాన్యపు పడవలు వెళ్ళాలి. ఆ దారి మూసుకుపోతే నెల తిరక్కుండా పన్నెండు దీవులూ ఆకలితో మాడిపోతాయి. అందుకే ఆ చిన్న రాజ్యం తన వివేకాన్నంతా ఆ నాలుగు ఓడలలో పోతపోసింది.

వాటిలో పెద్దది కూర్మం. తాబేటి డిప్పలా వంగిన కంచు పలకల కప్పు, ముక్కున ఏనుగు తొండమంత ఉక్కు కొమ్ము, రెండు పక్కలా ఆవిరితో తిరిగే తెడ్ల చక్రాలు. గాలి వీచినా వీచకపోయినా అది తన దారిన తాను పోయేది. శత్రువుల బాణాలు దాని వీపు మీద వడగళ్ళలా ఎగిరిపడేవి. రెండోది జ్వాల. దాని మూతిన బంగారు జూలు సింహం. ఆ సింహం నోరు తెరిస్తే మండే నేలనూనె రెండు వందల బారల దూరం చిమ్మేది. మూడోది శ్రవణ. దానికి ఆయుధమే లేదు. అడుగు నుంచి నీళ్ళలోకి దిగిన రాగి గొట్టం ఒక్కటే ఉంది. దానికి చెవి ఆనిస్తే నాలుగు క్రోసుల అవతలి తెడ్ల చప్పుడు కూడా వినిపించేది. ఇక నాలుగోది మకరం. ఇద్దరు మనుషులు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేంత కంచు పీపా. తొట్టెల్లోకి నీళ్ళు వదిలితే మునుగుతుంది, తోడేస్తే తేలుతుంది. నీటి అడుగున అరజాము పాటు చేపలా తిరగగలదు.

ఆనాడు బారెడు పొద్దెక్కేసరికి కరాళ నౌకాదళం జలసంధి ముఖద్వారం దగ్గర మబ్బు పట్టినట్టు నిలబడింది. మధ్యలో నల్లటి నాయకనౌక కాలదంష్ట్ర. దాని మీంచి తెల్లటి పొగ తాడులా నిటారుగా లేస్తోంది.

శ్రవణలో రాగి గొట్టానికి చెవి ఆనించి విద్దన కూర్చున్నాడు. అతను నావికుల ఇంట పుట్టినవాడు కాడు, కంచరి. ఆ నాలుగు ఓడల్లో కంచు ఎక్కడ కనిపించినా అది అతని కొలిమిలోంచి వచ్చిందే. లోహం పలికే తీరు తెలిసిన చెవికి నీళ్ళు పలికే తీరు కూడా తెలుస్తుందని నౌకాధ్యక్షురాలు మేళాంబ అతన్ని అక్కడ కూర్చోబెట్టింది.

"ఎన్ని?" అంది మేళాంబ. అరవై ఏళ్ళ మనిషి. నెరిసిన జుట్టు బిగించి ముడివేసుకుంది. ఎడమ చెంప మీద పాత కాలిన మచ్చ.

"మూడు వందల ఎనభై పైచిలుకు, దేవీ. తెడ్లు ఎత్తిపెట్టారు. ఎవరూ కదలడం లేదు. దేనికోసమో కాచుకుని ఉన్నట్టుంది."

"కాచుకోనీ. కూర్మాన్ని ముందుకు పొమ్మని జెండా ఎత్తండి."

కూర్మం పొగ వదులుతూ, చక్రాలతో నీళ్ళు నురగలు చేస్తూ ముందుకు ఉరికింది. కాలదంష్ట్రకు అరక్రోసు దూరంలోకి వచ్చిందో లేదో, ఆ నల్లటి ఓడ మీద ఘంట ఒక్కసారి మోగింది.

ఆ మోత వినడానికి ఇంపుగానే ఉంది. గొట్టం దగ్గర ఉన్న విద్దనకు మాత్రం తలలోకి సూది దిగినట్టయింది. మరుక్షణం కూర్మం వీపు మీద చివరి నుంచి చివరి దాకా సన్నటి గీత కనిపించింది. గీత పగులైంది. పగులు నోరు తెరిచింది. పిడుగుకి, ఉప్పెనకి చెక్కుచెదరని అంగుళం మందపు కంచు పలకలు కుండపెంకుల్లా రాలిపోయాయి. ఆవిరి కాగు బద్దలై తెల్లటి మేఘం లేచింది. ఆ మేఘం తేలిపోయేసరికి అక్కడ నీటి సుడి తప్ప ఏమీ లేదు.

అందులో ఉన్నది డెబ్బై ఇద్దరు. ఒక్కరి తలయినా పైకి తేలలేదు.

శ్రవణ మీద మేళాంబ చేతిలోని కంచు చెంబు కూడా పగిలి నీళ్ళు ఆమె పాదాల మీద పడ్డాయి. ఆమె ఆ ముక్కల వంక చూసి, "వెనక్కి!" అని అరిచింది. "జ్వాల, శ్రవణ, రెండూ క్రోసు దూరం వెనక్కి!"

చక్రాలు వెనక్కి తిరిగాయి. విద్దన మాత్రం గొట్టం వదలకుండా అలాగే ఉండిపోయాడు. అతని ముఖాన నెత్తురుచుక్క లేదు.

"ఏమిటి విద్దనా?"

"దేవీ, ఆ గంట పోసింది మా గురువుగారు."

మేళాంబ అతని భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"మాచోజుగారి పోతకి మోత చివర సన్నగా మూడుసార్లు ఊగుతుంది. లోకంలో ఇంకెవరి గంటకీ ఆ ఊపు లేదు. నీలదీవిని వాళ్ళు తగలబెట్టినప్పుడు కొలిమిలో ఉన్న పన్నెండుమంది శిష్యులతో పాటు ఆయనా పోయారనుకున్నాం. పోలేదు. ఆ ఓడలో ఉన్నారు."

"నీలదీవిలో చెరపడి, కరాళుల ఓడల్లోంచి పారిపోయి వచ్చినవాళ్ళు ఈ గంట సంగతి చెప్పారు," అంది మేళాంబ నెమ్మదిగా. "కాలఘంట అన్నారు. దాన్ని పోసిన చేతితో కొడితేనే దానికి ఆ శక్తి అన్నారు. ఒకసారి మోగాక మళ్ళీ మోగాలంటే నాలుగు ఘడియలు దాని కింద హోమం జరగాలన్నారు. భయంతో మతి చెడి మాట్లాడుతున్నారనుకున్నాను. ఆ తప్పు నాది. డెబ్బై రెండు ప్రాణాలు తీసింది." ఆమె కన్నీళ్ళు పెట్టుకోలేదు. దూరాన మళ్ళీ చిక్కబడుతున్న పొగను చూసింది. "నాలుగు ఘడియలు. ఈలోగా ఆ గంట నోరు మూయించగలవాడు ఎవరైనా ఉంటే అది నువ్వే."

"మకరం ఇప్పించండి."

"అదీ కంచే. నువ్వు నీళ్ళలో ఉండగా గంట మోగితే..."

"తెలుసు దేవీ. దాన్ని పోసిందీ నేనే."

మకరానికి చుక్కాని పట్టేవాడు ఎర్రపోతు. పుట్టినప్పటి నుంచి సముద్రం మీదే బతికిన మొరటు పల్లెకారి, విద్దన కంటే పాతికేళ్ళు పెద్ద. ఇద్దరూ లోపల దూరి తల మీద మూత బిగించుకున్నారు. నీళ్ళు తొట్టెల్లోకి గలగలా దిగాయి. స్ఫటికపు కిటికీలో వెలుగు మొదట పచ్చగా, తరవాత నీలంగా, ఆ తరవాత బూడిద రంగుగా మారింది. విద్దన చేతిమర తిప్పుతుంటే వెనక రెక్క నీళ్ళను కోసుకుంటూ పీపాను ముందుకు నెట్టసాగింది.

"ఒరే విద్దనా, అల్లంత దూరాన ఏదో మెరుస్తా ఉంది చూడు," అన్నాడు ఎర్రపోతు.

అది కూర్మం. ఇసుకలో పక్కకు ఒరిగి, పొట్ట చీలి పడి ఉంది. చక్రం ఒకటి ఇంకా మెల్లగా తిరుగుతోంది. పగుళ్ళలోంచి బుడగలు వరసగా లేస్తున్నాయి. ఆ బుడగల మధ్య మనుషులు, చేతులు చాచి, నిద్రలో నడుస్తున్నవాళ్ళలా అటూ ఇటూ ఊగుతున్నారు. ఒకడి చెయ్యి స్ఫటికపు పలకకు తగిలి జారిపోయింది. ఆ చేతికి ఎర్రదారం కట్టి ఉంది.

ఎర్రపోతు పళ్ళు కొరికాడు. "మా అక్క కొడుకు అందులోనే ఉన్నాడురా. చక్రాల కాడ పని."

విద్దన మర తిప్పుతూనే ఉన్నాడు.

"తిప్పు, తిప్పు. ఆగబాక," అన్నాడు ఎర్రపోతు, చుక్కాని మీంచి చూపు తిప్పకుండా.

తెడ్ల నీడలు తల మీద దట్టమయ్యాయి. కాలదంష్ట్ర అడుగు కొండ కడుపులా కనిపించింది. ఆ నీడలో ఆగి, ఎర్రపోతు మొలలోని చేపల కత్తి తీశాడు. కరాళుల ఓడల్లో నీళ్ళు తోడే బానిసలకు బోడితల, మెడకు ఇనపకట్టు, ఒళ్ళంతా మసి ఉంటాయని నీలదీవి వాళ్ళు చెప్పారు. పావు ఘడియలో విద్దన తల బోడయింది. మూడుచోట్ల నెత్తురు కూడా వచ్చింది. పీపా లోపలి ఇనప పట్టీ ఒకటి ఊడదీసి, వంచి మెడకు తగిలించుకున్నాడు. మర కందెనలో మసి కలిపి ఒంటికి పట్టించుకున్నాడు.

"గాలి ఇంక ఘడియన్నరకే సరిపోద్ది," అన్నాడు ఎర్రపోతు. "చుక్కాని కింద తేలి ఉంటా. రాకపోతే..."

"రాకపోతే వెళ్ళిపో మామా. నాకోసం ఆగితే మకరం కూడా పోతుంది. దేవికి మిగిలింది ఇక మూడే."

కాలదంష్ట్ర వెనక భాగాన ఉప్పునీళ్ళు తోడే బొక్కెనలు చాంతాళ్ళ మీద పైకీ కిందికీ ఆడుతున్నాయి. నీళ్ళలోంచి లేచిన విద్దన ఒక తాడు అందుకుని, పైకి లాగే బొక్కెనతో పాటే తానూ పాకి అంచు దాటాడు. పైన తాడు లాగుతున్న బానిస అతన్ని చూసి నోరు తెరిచాడు. ఆ నోట్లో నాలుక లేదు. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ బానిస నిండు బొక్కెన విద్దన చేతికి అందించి తల తిప్పుకున్నాడు.

విద్దన బొక్కెన భుజాన పెట్టుకుని వరసలో కలిశాడు.

ఎదుట కనిపించిన దృశ్యం పీడకలను తలపించింది. ఓడ నడిమి వేదిక మీద తాటిచెట్టంత ఎత్తున నాలుగు నల్లటి స్తంభాలు. వాటి మధ్య గొలుసులకు వేలాడుతూ రథమంత కాలఘంట. అది పోసిన కంచు ఒక చోటిది కాదు. కాలిన ఊళ్ళ గుడిగంటలు, పెళ్ళి పళ్ళేలు, చంటిపిల్లల కాలి అందెలు, అన్నీ అందులో కరిగాయి. అక్కడక్కడా పూర్తిగా కరగని అందెల మువ్వలు ఘంట ఒంటి మీద పొక్కుల్లా పైకి తేలి ఉన్నాయి. కింద హోమకుండంలో నీలిమంటలు. అంచంతా చెక్కిన పద్మాల వరుస ఆ వేడికి ఎర్రబారుతోంది. కుండం ముందు పులితోలు మీద భస్మజటుడు కూర్చుని ఉన్నాడు. ఎముకల గూటికి బూడిద పూసినట్టున్నాడు. జటలు మోకాళ్ళు దాటి నేల మీద పాముల్లా చుట్టుకుని ఉన్నాయి. అతని పెదవులు కదులుతున్న కొద్దీ మంట పెరుగుతోంది.

ఘంట పక్కన, మంట సెగ తగిలేంత దగ్గర్లో, ఒక ముసలివాడు నిలబడి ఉన్నాడు. కాళ్ళకు సంకెళ్ళు, చేతిలో పొడవాటి సమ్మెట. అతని కళ్ళున్న చోట రెండు ముడతల గుంటలు ఉన్నాయి.

పన్నెండేళ్ళు తనకు అన్నం పెట్టి, విద్య నేర్పిన మాచోజును విద్దన అలా చూశాడు.

వేదిక అంటుకోకుండా పలకల మీద నీళ్ళు చల్లడం బానిసల పని. విద్దన వంతు వచ్చింది. వేదిక ఎక్కి, ముసలివాడి పాదాల దగ్గర వంగి నీళ్ళు పోశాడు. పలకలు బుస్సుమన్నాయి. ఆ చప్పుడు చాటున, "అయ్యవారూ, నేను విద్దనని," అన్నాడు.

ముసలివాడు సమ్మెట పిడి బిగించి పట్టుకున్నాడు. ముఖం మాత్రం కదలలేదు. "ఎందుకొచ్చావురా ఇక్కడికి?" అన్నాడు పెదవులు కదిలీ కదలకుండా. "పొద్దున మోగింది ఎవరి మీద?"

"కూర్మం మీద. డెబ్బై ఇద్దరు."

ముసలివాడు సమ్మెట మీదికి ఒరిగాడు. "పోయనన్నాను నాయనా. అన్న ప్రతిసారీ ఒక శిష్యుణ్ణి నా ఎదుట చంపారు. తొమ్మిదిమంది అయ్యాక పోశాను. పోశాక కళ్ళు తీశారు. కొట్టకపోతే మిగిలిన ముగ్గురినీ చంపుతామంటున్నారు. మళ్ళీ నీళ్ళు తే. పో."

విద్దన దిగాడు. వరసలో నడిచాడు. బొక్కెన నింపుకున్నాడు. ఒక్కొక్క అడుగూ ఆమడలా ఉంది. జలసంధి వైపు చూస్తే జ్వాల ఒంటరిగా ముందుకు వస్తోంది. మాంత్రికుడి చూపు తన మీదే నిలిచేలా జ్వాలలోకి మారిన మేళాంబ, గంట దెబ్బ అందే అరక్రోసు గీత మీద సరిగ్గా ఓడను అటూ ఇటూ తిప్పుతోంది. గీత దాటితే చావే. ఆ సంగతి తెలిసీ తిప్పుతోంది.

రెండోసారి వేదిక ఎక్కి వంగాడు.

"విను," అన్నాడు మాచోజు. "అంచున పద్మాలకు ఎనిమిదేసి రేకులు. ఒక్క పద్మానికి మాత్రం ఏడే. అక్కడ, లోపల పిడికెడంత గాలిబుడగ వదిలాను. పోసేటప్పుడే వదిలాను. ఎర్రగా కాగి ఉన్నప్పుడు దాని మీద చన్నీళ్ళు పడాలి, పడిన క్షణాన దెబ్బ తగలాలి. కళ్ళు లేనివాణ్ణి, కాళ్ళకు సంకెళ్ళున్నవాణ్ణి, నాకు ఒక్కడికే అది అయ్యే పని కాదు. చూడగలిగేవాడు ఎవడైనా వస్తాడేమోనని రెండేళ్ళుగా బతికి ఉన్నాను."

"పగిలితే మీ మీదే పడుతుంది అయ్యవారూ!"

"మరి ఎవడి మీద పడాలిరా? పోసినవాణ్ణి నేనే కదా." ఆ ముఖాన మొదటిసారి ఏదో వెలుగులాంటిది కదిలింది. "నీ ఓడ పలకల్లో తగరం పాలు సరిగ్గా కలిపావా?"

"మీరు చెప్పినట్టే."

"అయితే పో. నీళ్ళు నిండుగా తే."

విద్దన మూడోసారి దిగి బొక్కెన నింపేసరికి పెద్ద డప్పు మోగింది. హోమం ముగిసింది. బానిసలందరూ బోర్లా పడుకోవాలని కాపలావాళ్ళు కొరడాలు ఝళిపించారు. భస్మజటుడు లేచి నిలబడ్డాడు. అతని జటలు నేల మీంచి వాటంతటవే లేచాయి. సముద్రం అద్దంలా గడ్డకట్టినట్టయింది. తన మీద నమ్మకంతోనే కాబోలు, జ్వాల గీత దాటి లోపలికి రావడం విద్దనకు కనిపించింది.

"కొట్టు!" అన్నాడు మాంత్రికుడు.

వరసంతా బోర్లా పడి ఉంటే ఒక్కడు నిలబడి పరుగెడుతున్నాడు. కాపలావాడు ఒకడు అడ్డం వచ్చి ఈటె చాచాడు. విద్దన మెడ వంచి ఇనపకట్టుతో ఈటె మొనను పక్కకు కొట్టి, భుజంతో వాణ్ణి హోమకుండంలోకి తోశాడు. బొక్కెనలో సగం నీళ్ళు ఒలికిపోయాయి. రెండో కాపలావాడి కొరడా వీపు మీద మంటలా తగిలింది. విద్దన తిరిగి చూడలేదు. ఎనిమిది రేకులు, ఎనిమిది, ఎనిమిది, మళ్ళీ ఎనిమిది... కమ్ముకున్న పొగలో కళ్ళు చించుకుని చూస్తే, ముసలివాడికి సరిగ్గా అవతలి పక్క, ఏడు.

"అయ్యవారూ, ఇప్పుడే!"

ఉన్న సగం బొక్కెన నీళ్ళూ గురిచూసి కొట్టాడు. కంచు కెవ్వుమంది. అదే క్షణాన మాచోజు సమ్మెటను తల మీదుగా తిప్పి, వయసు, గుడ్డితనం, సంకెళ్ళు అన్నీ మరిచి, బలమంతా పెట్టి ఒకే దెబ్బ వేశాడు.

ఆ మోతలో మూడు ఊపులు లేవు. చీలిపోయిన గొంతులోంచి వచ్చే అరుపులా వచ్చింది. ఏడు రేకుల పద్మం దగ్గర పుట్టిన పగులు మెరుపులా ఘంట నడినెత్తికి పాకింది. ఎర్రగా కాగిన రెండు బద్దలు గొలుసులు తెంచుకుని వేదిక మీద కూలాయి. మాచోజు తల ఎత్తి, దెబ్బ సరిగ్గా తగిలిందో లేదో చెవితో చూసుకుంటున్నవాడిలా నిలబడే ఉన్నాడు. తరవాత ఆయన కనిపించలేదు.

చీలిన మోత బయటికి పోకుండా కాలదంష్ట్ర మీదే విరుచుకుపడింది. ఓడ స్తంభాల ఇనప కట్లు పటపటా తెగాయి. తెరచాపలు తాళ్ళతో సహా నేల మీద పడ్డాయి. ఆ గందరగోళంలో విద్దన వెనక భాగానికి పరుగెత్తాడు. అంచు పట్టుకుని కిందికి చూస్తే, చుక్కాని నీడలో మకరం మూత తెరుచుకుని ఉంది. ఎర్రపోతు మెడ పైకెత్తి రెండు చేతులూ చాచాడు.

"దూకరా! దూకు!"

విద్దన కాలు అంచు మీద పెట్టాడు. వెనక నుంచి చల్లటిదేదో కాలికి చుట్టుకుంది. చూస్తే జట. పది బారల దూరంలో నిలబడ్డ భస్మజటుడి నెత్తి నుంచి సాగి వచ్చిన జట. రెండోది నడుముకు, మూడోది మెడకు చుట్టుకున్నాయి. అటు పక్క ఓడల మీంచి విలుకాళ్ళు మకరాన్ని చూసి బాణాలు సంధిస్తున్నారు.

"పో మామా!" అని అరిచాడు విద్దన. "గంట పగిలిందని దేవికి చెప్పు! పో!"

ఎర్రపోతు ఒక్క క్షణం కదల్లేదు. బాణం ఒకటి వచ్చి అతని భుజాన దిగబడింది. అప్పుడు బూతు ఒకటి తిట్టి, మూత మీదికి లాక్కున్నాడు. మకరం బుడగలు వదులుతూ మునిగిపోయింది.

విద్దనను జటలు వేదిక వైపు ఈడ్చుకుపోతుంటే, జలసంధిలో సింహం నోరు తెరిచింది. జ్వాల గొట్టంలోంచి లేచిన మంట వంపు తిరిగి ముందు వరస ఓడల మీద వానలా కురిసింది. గంట మీద నమ్మకంతో తెడ్లు ఎత్తిపెట్టి, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ ఓడలవి. కదలడానికి చోటు లేదు. మంట ఒక తెరచాప మీంచి ఇంకో తెరచాప మీదికి పాకింది. మనుషులు అంటుకున్న బట్టలతో నీళ్ళలోకి దూకారు. నీళ్ళ మీద కూడా నూనె మండుతోంది. తెడ్లకు సంకెళ్ళతో కట్టేసిన బానిసలు దూకనూ లేకపోయారు. వాళ్ళ కేకలు విద్దనకు అన్నిటికంటే స్పష్టంగా వినిపించాయి. ఆ నూనె గొట్టానికి కంచు బిరడా పోసింది కూడా అతనే.

భస్మజటుడు రెండు చేతులూ ఎత్తాడు. చిక్కటి పొగమంచు నీళ్ళలోంచి లేచి సముద్రాన్ని కప్పేసింది. ఆ మంచు చాటున కాలదంష్ట్ర, దానితో మిగిలిన అరవై డెబ్బై ఓడలు ఉత్తరానికి తప్పుకున్నాయి. వెనక ఎక్కడో శ్రవణ మీద విజయశంఖం ఊదుతున్నారు. ఆ ధ్వని క్రమక్రమంగా దూరమై ఆగిపోయింది.

మాంత్రికుడు విద్దన ముంజేతులు పట్టి చూశాడు. మసి కింద పాత కాలిన చుక్కలు. కరిగిన లోహం చిందితే పడే చుక్కలు.

"కంచరివి," అన్నాడు మెత్తగా. "ఆ ముసలాడి శిష్యుడివి."

విద్దన చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"నా గంట పగలగొట్టావు. నేను నిన్ను చంపుతాననుకుంటున్నావేమో. చంపితే నాకేం లాభం?" భస్మజటుడు చేత్తో సైగ చేశాడు. భటులు ముగ్గురు ఖైదీలను ఈడ్చుకొచ్చి నిలబెట్టారు. నీలదీవి కొలిమిలో మిగిలిన ముగ్గురు: గడ్డాలు పెరిగి, ఒళ్ళు చిక్కి, చూపులు చచ్చిపోయిన యువకులు. విద్దనతో కలిసి కొలిమి ఊదినవాళ్ళు. "ఈ బద్దలే మళ్ళీ కరిగించి కొత్త గంట పోస్తావు. పోసేదాకా నీ కళ్ళు నీవే. కాదన్నావంటే..."

భటుడు మొదటి ఖైదీ మెడ మీద కత్తి ఆనించాడు.

"పోస్తాను," అన్నాడు విద్దన.

అంత తొందరగా ఒప్పుకుంటాడని భస్మజటుడు అనుకోలేదు. కనుబొమలు ముడిచాడు.

"పోస్తాను. కాని అచ్చుకు మన్ను కావాలి," అన్నాడు విద్దన. "ఇంత పెద్ద గంటకు మామూలు బంకమన్ను ఆగదు. మా గురువుగారు ఏ మన్ను వాడారో నాకు తెలియదు. ఆయన్ని అడిగే వీలు లేదు. నాకు తెలిసిన మన్ను ఒక్కటే. కపాలగర్తంలో దొరుకుతుంది. ఇక్కడికి ఈశాన్యంగా రెండు రోజుల ప్రయాణం."

"ఆ పేరు నేను వినలేదు."

"మీరు కరాళ దేశం వాళ్ళు. ఈ నీళ్ళు మీకు కొత్త."

మాంత్రికుడు అతని కళ్ళలోకి చాలాసేపు చూశాడు. విద్దన రెప్ప వాల్చలేదు. చివరికి భస్మజటుడు చుక్కాని వైపు తిరిగి వేలు చూపించాడు. కాలదంష్ట్ర మూతి మెల్లగా ఈశాన్యానికి తిరిగింది. వెనకే మిగిలిన ఓడలూ తిరిగాయి.

భటులు విద్దన కాళ్ళకు మాచోజు సంకెళ్ళే బిగించి, ముగ్గురు ఖైదీలతో పాటు ఓడ అడుగున పడేశారు. తలుపు మూసుకుంది. గోడ అవతల నీళ్ళ చప్పుడు. చివరికి ముగ్గురిలో పెద్దవాడు, బయ్యన, దగ్గరికి జరిగాడు.

"విద్దనా, కపాలగర్తంలో మన్ను ఎక్కడిది? అక్కడ నేలే లేదు కదా. సుడిగుండం. క్రోసు దూరం నుంచే ఓడల్ని లోపలికి లాగేస్తుందని మా ఊళ్ళో చిన్నపిల్లకైనా తెలుసు."

"తెలుసు," అన్నాడు విద్దన. చీకట్లో సంకెల అతుకును వేళ్ళతో తడుముతున్నాడు. పాత ఇనుము. అతుకు దగ్గర తుప్పు పట్టి ఉంది. "రెండు రోజుల వ్యవధి ఉంది. మీ ముగ్గురికీ ఈత వచ్చా?"